ముప్ఫై లీటర్ల ఓటీజీకి నలభై బిస్కెట్ల పరీక్ష

పిల్లల పుట్టినరోజుకి క్లాసులో చాక్లెట్ల బదులు ఇంట్లో చేసిన బిస్కెట్లు పంచాలన్నా, ఆఫీసుకి టీ వేళకి ఒక డబ్బా తీసుకెళ్ళాలన్నా లెక్క దాదాపు నలభై దగ్గర తేలుతుంది. తలా ఒకటి, అన్నీ ఒకే రంగు, ఒకే కరకర. ఓటీజీ, అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ కలిసిన చిన్న కరెంటు పొయ్యి, కొనేటప్పుడు పెట్టాల్సిన పరీక్ష ఇదే. అట్టపెట్టె మీది కోడి బొమ్మ, లోపల తిరిగే చువ్వ, ఆరు రకాల మోడ్‌లు బిస్కెట్లకి ఎందుకూ పనికిరావు. మొదటి వాయిలో దిగిన బిస్కెట్‌నీ, నాలుగో వాయిలో దిగినదాన్నీ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేనట్టు ఉండాలి.

28 నుంచి 30 లీటర్ల సైజులో, పైన రెండు రాడ్లు, కింద రెండు రాడ్లు, ముందువైపు మూడు నాబ్‌లతో దొరికే మామూలు ఓటీజీ ఈ పరీక్షలో నెగ్గుతుంది. కొనదగ్గ వస్తువే. కాకపోతే మూడు చోట్ల ఇబ్బంది పెడుతుంది: వేడిని అదుపు చేసే థర్మోస్టాట్, కూడా వచ్చే నల్ల ట్రే, టైమర్. ఈ మూడింటి తీరు తెలియకుండా మొదలుపెడితే మొదటి వాయి పాలిపోయి, రెండోది అడుగు మాడి, అసలు రెసిపీయే మంచిది కాదేమో అనిపిస్తుంది. చాలామంది ఓటీజీలు అలాగే అటక ఎక్కుతాయి.

సైజు సంగతి ముందు చెప్పుకుందాం. 16 లీటర్లది చూడముచ్చటగా ఉంటుంది, జాగా తక్కువ పడుతుంది. కానీ అందులో రాడ్డుకీ ట్రేకీ మధ్య ఎడం తక్కువ, పైభాగం త్వరగా ఎర్రబడుతుంది. ట్రేకి ఆరు బిస్కెట్ల కంటే పట్టవు, నలభైకి ఏడు వాయిలు కావాలి. 40 లీటర్లు దాటితే వేడెక్కడానికి ఎక్కువసేపు, గట్టు మీద సగం చోటు దానికే. నెలకో రెండు నెలలకోసారి బిస్కెట్లు చేసే ఇంటికి 28–30 లీటర్లు సరైన కొలత. ట్రేకి ఐదు సెంటీమీటర్ల బిస్కెట్లు పన్నెండు పడతాయి. అయినా పది చొప్పున నాలుగు వాయిలు వేయడం మేలు. పన్నెండేసి వేస్తే చివరి వాయికి నాలుగే మిగులుతాయి. ఖాళీ ట్రే మీద నాలుగు బిస్కెట్లు మిగతావాటికంటే రెండు మూడు నిమిషాలు ముందే ఎర్రబడి, రంగు తేడా వస్తుంది. పదింటిని మూడు, నాలుగు, మూడు వరుసల్లో పేరిస్తే నాలుగు మూలలూ ఖాళీగా ఉంటాయి. మాడేది మూలల్లోనే కాబట్టి ఆ బెడద కూడా తప్పుతుంది.

ఇక థర్మోస్టాట్. నాబ్ మీద 170 అని తిప్పితే లోపల కచ్చితంగా 170 డిగ్రీలు ఉంటుందని నమ్మకండి. ఈ తరహా ఓటీజీల్లో 10 నుంచి 20 డిగ్రీల తేడా మామూలే, పైకైనా కిందికైనా. లోపల ఉన్న లోహపు పట్టీ వేడికి వంగి కరెంటు ఆపుతుంది, చల్లారి నిటారు కాగానే మళ్ళీ ఇస్తుంది. అంచేత లోపలి వేడి ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. చిన్న ఓవెన్ థర్మామీటర్ కొని మధ్య అర మీద పెట్టండి. 170కి తిప్పి 25 నిమిషాలు వదిలేసి, ఆ తరువాత ఐదేసి నిమిషాలకి ఒకసారి అద్దంలోంచి అంకె రాసుకుని, నాలుగైదు అంకెల సగటు తీయండి. అది 185 వచ్చిందనుకోండి, మీ ఓటీజీలో 170 కావాలంటే 155కి తిప్పాలి. ఒక కాగితం ముక్క మీద రాసి పక్కన అతికించేస్తే ఇంట్లో ఎవరు వాడినా పనికొస్తుంది.

థర్మామీటర్ లేకపోతే చక్కెర చెబుతుంది. పంచదార కరిగేది సుమారు 186 డిగ్రీల దగ్గర. చిన్న అల్యూమినియం గిన్నెలో చెంచాడు పంచదార వేసి, బాగా వేడెక్కిన ఓటీజీలో 175 దగ్గర 15 నిమిషాలు ఉంచితే పలుకు పలుకుగానే ఉండాలి. 190 దగ్గర 15 నిమిషాల్లో కరగడం మొదలవ్వాలి. 175లోనే కరిగిపోతే మీ నాబ్ చెప్పేదానికంటే లోపల వేడి ఎక్కువ. 190లో కూడా చెక్కుచెదరకపోతే తక్కువ.

ఏ మూల ఎక్కువ కాలుతుందో తెలుసుకోవడానికి బ్రెడ్ ముక్కలు చాలు. ట్రే నిండా పరిచి 180లో ఏడెనిమిది నిమిషాలు పెట్టి తీస్తే ముక్కల రంగే మ్యాప్ గీసినట్టు చూపిస్తుంది. సాధారణంగా వెనకవైపు ముదురుగా, తలుపు వైపు లేతగా ఉంటాయి. అందుకే ప్రతి వాయికీ పదో నిమిషంలో ట్రేని ముందువైపు వెనక్కి తిప్పి పెట్టాలి. తలుపు తెరిచి మూసేసరికి వేడి పడిపోతుంది కాబట్టి ఈ పని పది సెకన్లలో అయిపోవాలి.

ప్రీహీట్, అంటే ట్రే పెట్టేముందు ఖాళీ ఓటీజీని వేడెక్కించడం, పది నిమిషాలని పుస్తకాల్లో ఉంటుంది. బిస్కెట్లకి 15 నిమిషాలివ్వండి. కొన్ని మోడళ్ళలో ఎర్ర లైటు థర్మోస్టాట్‌తో పాటు ఆరి వెలుగుతుంది. మొదటిసారి ఆరగానే ట్రే పెట్టేస్తారు చాలామంది. అప్పటికి గాలి వేడెక్కుతుంది గానీ గోడలు ఇంకా వేడెక్కవు. రెండోసారి వెలిగి ఆరిన తరువాత పెడితే తలుపు తీసినా వేడి త్వరగా నిలదొక్కుకుంటుంది. పైగా అప్పుడు రాడ్లు ఎర్రగా ఉండవు, బిస్కెట్ పైభాగం మీద సూటిగా మంట తగలదు. కొన్నింటిలో లైటు కరెంటు ఉందని చెప్పడానికే ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు.

నల్ల ట్రే గురించి గట్టిగా చెప్పాలి. ఎనామిల్ పూసిన ఆ ట్రే కింది రాడ్ల వేడిని పీల్చేసుకుంటుంది. బిస్కెట్ పైన ఇంకా తెల్లగా ఉండగానే అడుగు కాఫీ రంగుకి వచ్చేస్తుంది. దానికి బదులు లోపల పట్టే కొలత చూసుకుని మెరిసే అల్యూమినియం ట్రేలు రెండు కొనండి. అదే వేడికి అడుగు లేత గోధుమరంగులో దిగుతుంది. నల్ల ట్రేతోనే చేయాల్సి వస్తే వేడి 10 డిగ్రీలు తగ్గించి, ట్రేని ఒక అర పైకి జరపండి. రెండు ట్రేలు ఎందుకంటే, ఒకటి లోపల కాలుతుంటే రెండోదాని మీద తరువాతి వాయి సిద్ధం చేసుకోవచ్చు. దించిన వేడి ట్రే మీద పచ్చి బిస్కెట్లు పెట్టారంటే ఓవెన్‌లోకి వెళ్ళకముందే బటర్ కరిగి పరుచుకుపోతాయి. ట్రేని కాసేపు చల్లారనిచ్చి, కుళాయి కింద పట్టి, తడి లేకుండా తుడిచి వాడాలి.

రెండు ట్రేలూ ఒకేసారి పైనా కిందా పెట్టేస్తే టైము కలిసొస్తుందని అనిపిస్తుంది. రాదు. కింది ట్రే అడుగు వేడినంతా ఆపేస్తుంది, పై ట్రే పై వేడిని ఆపేస్తుంది. కింది బిస్కెట్లకి అడుగు మాత్రమే, పైవాటికి తల మాత్రమే కాలుతుంది. ఒక్కో వాయి మధ్య అర మీద, పై రాడ్లూ కింది రాడ్లూ రెండూ వెలిగే మోడ్‌లో వేసుకోండి.

ట్రే మీద వేసే కాగితం కూడా చూసి కొనాలి. కిరాణా కొట్లో బటర్ పేపర్ పేరుతో దొరికేవన్నీ ఓవెన్‌కి పనికిరావు. కొన్ని చుట్టడానికి మాత్రమే. వేడికి బిస్కెట్ అడుగుకి అంటుకుని ఊడి రావు. సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపర్ అయితే నున్నగా జారుతుంది, రెండు మూడు వాయిలకి అదే వాడుకోవచ్చు. ట్రే అంచు దాటి వేలాడకుండా కత్తిరించండి, రాడ్డుకి తగిలితే అంటుకుంటుంది.

టైమర్‌ది చిన్న సమస్యే. స్ప్రింగుతో టిక్ టిక్ అంటూ తిరిగే ఈ టైమర్లు 15 నిమిషాల లోపు కొలతలో సరిగా పనిచేయవు. ముందు 30 దాటించి తిప్పి వెనక్కి తెస్తే కొంత నయం. బిస్కెట్లకి రెండు నిమిషాల తేడా చాలు పాడవడానికి, అందుకని ఓటీజీ టైమర్‌ని ఎక్కువకి పెట్టేసి అసలు టైము ఫోన్‌లో పెట్టుకోండి.

ఈ సైజు ఓటీజీలు చాలావరకు 1500–1600 వాట్లవి. అంటే ఆరున్నర, ఏడు ఆంపియర్లు లాగుతుంది. మామూలు ఆరు ఆంపియర్ల సాకెట్‌లో పెడితే ప్లగ్ కాలే ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌కీ గీజర్‌కీ వాడే 16 ఆంపియర్ల సాకెట్టే కావాలి, మధ్యలో ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. నాలుగు వాయిలకి ప్రీహీట్‌తో కలిపి గంటన్నర పడుతుంది. థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతుంటుంది కాబట్టి రెండు యూనిట్ల లోపే కాలుతుంది. వేసవి సాయంత్రాలు వోల్టేజీ పడిపోయే ఊళ్ళలో ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. 230కి బదులు 200 వోల్టులే వస్తుంటే 1500 వాట్ల రాడ్డు ఇచ్చేది సుమారు 1130 వాట్లే. అలాంటప్పుడు ప్రీహీట్ 20 నిమిషాలు దాటుతుంది, ట్రే పెట్టాక వేడి ఆలస్యంగా కోలుకుంటుంది, బిస్కెట్లు రంగు రాకముందే ఎండిపోతాయి. తెల్లవారుజామునో మధ్యాహ్నమో చేసుకోవడం మంచిది.

కొత్త ఓటీజీని ముందు ఖాళీగా ఎక్కువ వేడి మీద 15–20 నిమిషాలు నడపండి. రాడ్ల మీది పూత కాలి పొగా వాసనా వస్తాయి, కిటికీలు తెరిచి ఉంచండి. ఇది చేయకపోతే ఆ వాసన మొదటి వాయికి పట్టేస్తుంది.

పరీక్షకి ఎంచుకోవాల్సిన బిస్కెట్ ఏదంటే ఉస్మానియా తరహాది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరుతో పిలిచే ఈ బిస్కెట్ హైదరాబాద్ ఇరానీ చాయ్‌కి జత. తీపీ ఉప్పూ కలిసిన రుచి, నోట్లో వేస్తే గుల్లగా విరగాలి. గుడ్డు అక్కర్లేదు. క్లాసులోనైనా ఆఫీసులోనైనా గుడ్డు తినని వాళ్ళు, సోమవారమో శనివారమో కార్తీకమాసమో మానేసేవాళ్ళు ఉంటారు; అందరికీ పెట్టాలంటే ఇదే సుఖం.

నలభై బిస్కెట్లకి కొలతలు: మైదా 330 గ్రాములు, వెనీలా కస్టర్డ్ పౌడర్ 30, పాలపొడి 30, పంచదార పొడి 150, ఉప్పు బటర్ 240, బేకింగ్ పౌడర్ ముప్పావు టీ స్పూను, యాలకుల పొడి అర స్పూను, చల్లని పాలు 30 మిల్లీలీటర్లు. మొత్తం పిండి 810 గ్రాముల చుట్టూ వస్తుంది. ఒక్కోటి 20 గ్రాములు వేసుకుంటే నలభై సరిగ్గా సరిపోతాయి. అమూల్ లాంటి ఉప్పు బటర్ వాడితే విడిగా ఉప్పు వేయక్కర్లేదు, ఉప్పు లేని బటర్ అయితే ముప్పావు స్పూను కలపాలి. కప్పుల కొలత దీనికి పనికిరాదు. కప్పు మైదా వదులుగా పోస్తే 120 గ్రాములు, కుదించి నింపితే 150. నలభై బిస్కెట్ల దగ్గర ఆ తేడా పిండిని పూర్తిగా మార్చేస్తుంది. ఓటీజీతో పాటు కొనాల్సిన మొదటి వస్తువు డిజిటల్ తూకం.

బటర్ మెత్తబడాలి గానీ కరగకూడదు. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి నూనె మెరుపు అంటకూడదు. బటర్, పంచదార పొడి కలిపి మూడు నాలుగు నిమిషాలు గిలక్కొట్టి తెల్లబడగానే ఆపేయండి. అంతకంటే గిలక్కొడితే గాలి ఎక్కువ చేరి, ఓవెన్‌లో పొంగి, కుంగి పరుచుకుంటాయి. పొడులన్నీ జల్లించి వేసి వేళ్ళ కొసలతో కలపండి. చపాతీ పిండిలా మర్దించారంటే మైదా సాగుడు పట్టి బిస్కెట్ రాయిలా అవుతుంది. పాలు ఒక్కో చెంచా చొప్పున. పిడికిట్లో నొక్కితే ముద్దవ్వాలి, విరిస్తే పొడిపొడిగా కాకుండా మెల్లగా తెగాలి. అక్కడితో ఆపండి, పాలు మిగిలినా పరవాలేదు.

రెండు కాగితాల మధ్య పెట్టి ఎనిమిది మిల్లీమీటర్ల మందాన చపాతీ కర్రతో ఒత్తి, ఫ్రిజ్‌లో 20 నిమిషాలు ఉంచి, ఐదు సెంటీమీటర్ల మూతతోనో చిన్న స్టీలు గిన్నె అంచుతోనో కోయండి. మందం సమంగా రావడానికి పిండికి రెండు పక్కలా ఒకే మందం ఉన్న స్కేళ్ళు పెట్టి వాటి మీద కర్ర నడిపించండి. కోయగా మిగిలిన పిండిని మళ్ళీ ఒత్తితే కాస్త గట్టిబడుతుంది. పైన కుంకుమపువ్వు నానబెట్టిన పాలు బ్రష్‌తో పలచగా రాయండి. చుక్క నిలిచేలా రాస్తే ఆ చోట ముడతలు పడుతుంది.

లోపల అసలు వేడి 170 డిగ్రీలు ఉండగా 15 నుంచి 17 నిమిషాలు కాల్చాలి. ఈ కాసేపూ అద్దం దగ్గర ఉంటే బిస్కెట్ ఏ దశలో ఉందో చూడొచ్చు. ఎనిమిదో నిమిషానికి అంచుల దగ్గర సన్నగా బుడగలు కడతాయి, అది బటర్‌లోని నీరు ఆవిరవడం. బటర్‌లో నూటికి పదహారు పాళ్ళ దాకా నీరే ఉంటుంది. పన్నెండో నిమిషానికి పైన తడి మెరుపు పోయి మాట్‌గా అవుతుంది. పద్నాలుగు దాటాక అంచు చుట్టూ సన్నని బంగారు గీత మొదలై లోపలికి జరుగుతుంది. ఆ గీత అర సెంటీమీటర్ వెడల్పు రాగానే తీసేయాలి. అప్పుడు మధ్యలో వేలు పెడితే మెత్తగానే ఉంటుంది. ఉడకలేదని మళ్ళీ లోపల పెట్టడమే అందరూ చేసే పొరపాటు. చల్లారేకొద్దీ కరిగిన బటర్, చక్కెర గట్టిపడి బిస్కెట్ గుల్లబారుతుంది. ట్రే మీదే ఐదు నిమిషాలు వదిలేసి, తరువాత తీగల జాలీ మీదికి తీయండి. వేడిగా ఉన్నప్పుడు ఎత్తితే చేతిలోనే విరుగుతుంది.

పరుచుకుపోయి ఒకదానికొకటి అంటుకున్నాయంటే తొంభై పాళ్ళు పిండి చల్లగా లేకపోవడమే. మే నెలలో మన వంటిళ్ళలో 35 డిగ్రీలు మామూలు, బటర్ కలుపుతుండగానే నూనెలా అయిపోతుంది. కోసిన బిస్కెట్లని ట్రేతో సహా ఫ్రిజ్‌లో పెట్టి, నేరుగా అందులోంచి ఓవెన్‌లోకి మార్చండి. అస్సలు పరుచుకోకుండా పగుళ్ళు వచ్చాయంటే మైదా ఎక్కువైంది. పైన పగిలి లోపల పచ్చిగా ఉంటే వేడి ఎక్కువైంది. నమిలితే గట్టిగా ఉంటే పిండి మర్దించినట్టు.

బటర్ బదులు నెయ్యి వాడొచ్చు, కానీ గ్రాముకి గ్రాము మార్చకూడదు. 240 గ్రాముల బటర్‌లో కొవ్వు 192 గ్రాములే. అందుకని 195 గ్రాముల పేరిన నెయ్యి, ఇంకో చెంచాడో రెండో పాలు. కరిగిన నెయ్యి పోస్తే గిలక్కొట్టినా తెల్లబడదు, బిస్కెట్ చదునుగా జిడ్డుగా వస్తుంది. రాగిపిండి వేయాలనుకుంటే మైదాలో పావు వంతు వరకు మార్చండి, అది కూడా పచ్చి వాసన పోయేలా దోరగా వేయించి చల్లార్చాక. సగం దాటితే పట్టు లేక డబ్బాలో పొడి మిగులుతుంది. బెల్లం పొడి చెమ్మ పీలుస్తుంది, త్వరగా రంగు తేలుతుంది. ఇంట్లో తినడానికి బాగుంటుంది గానీ నలభై మందికి పంచే బిస్కెట్‌కి పంచదారే నమ్మకం.

ఫ్యాన్ ఉన్న మోడల్‌కి కొంచెం ఎక్కువ డబ్బు పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు. వెనకా ముందూ తేడా తగ్గుతుంది. వేడి 15 డిగ్రీలు తగ్గించి వాడాలి, ఒక నిమిషం ముందే చూడాలి. తిరిగే చువ్వకీ లోపలి లైటుకీ అదనంగా ఇవ్వొద్దు; ఇస్తే ఫ్యాన్‌కే ఇవ్వండి.

ఇంట్లో కుక్కరో మైక్రోవేవో ఎయిర్ ఫ్రయరో ఉన్నవాళ్ళు ఓటీజీ కొనాలా అన్నది ఎన్ని చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఉప్పు పోసిన కుక్కర్‌లో రబ్బరూ విజిలూ తీసేసి చేస్తే రుచికి లోటు లేదు. వాయికి ఆరో ఏడో, పైభాగం మాత్రం తెల్లగానే ఉంటుంది, నలభై అంటే పొద్దు గడుస్తుంది. కన్వెక్షన్ మైక్రోవేవ్ బాగా పనిచేస్తుంది, కానీ గుండ్రటి పళ్ళెం మీద ఎనిమిది తొమ్మిదికి మించి పట్టవు. ఎయిర్ ఫ్రయర్‌లో గాలి వేగానికి కాగితం లేచి బిస్కెట్ మీద పడుతుంది, పైన ముందే ఎర్రబడుతుంది. ఇరవై బిస్కెట్లు మించి చేయనివాళ్ళు ఉన్నదాంతో సర్దుకోవచ్చు.

డబ్బాలో పెట్టేది పూర్తిగా చల్లారాక, కనీసం గంట ఆగి. కాస్త గోరువెచ్చగా ఉన్నా లోపలి ఆవిరి మూతకి చెమట పట్టి పొద్దుటికి అన్నీ మెత్తబడతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో బయట వదిలేసినా గంటల్లో మెత్తబడతాయి. మెత్తబడితే 150 డిగ్రీల్లో ఐదు నిమిషాలు పెట్టి చల్లారిస్తే మళ్ళీ కరకర వస్తుంది. గాలి చొరని స్టీలు డబ్బాలో వారం నిక్షేపంగా ఉంటాయి.

బండి మీదో బస్సులోనో తీసుకెళ్ళేటప్పుడు పదేసి చొప్పున నాలుగు వరుసలు, వరుసకీ వరుసకీ మధ్య కాగితం, పైన ఖాళీ మిగిలితే నలిపిన కాగితం కుక్కండి. డబ్బా ఊపితే చప్పుడు రాకూడదు. క్లాసుకైతే ముందు టీచర్‌ని అడగండి, బయటి తినుబండారాలు కొన్ని బళ్ళలో రానివ్వరు. మూత మీద ఒక కాగితం అతికించి పెద్ద అక్షరాలతో రాయండి: గుడ్డు లేదు, మైదా, పాలు ఉన్నాయి. జీడిపప్పో బాదమో పైన అద్ది ఉంటే అది కూడా రాయాలి. పప్పులు పడని పిల్లలు ఆ మాట చదివే చెయ్యి వెనక్కి తీసుకుంటారు, అందుకని వాళ్ళ కోసం పప్పు లేని నాలుగు బిస్కెట్లు వేరే చిన్న డబ్బాలో కట్టి పంపండి.